కారుకి గడువు సరే, కరెంటుకి గడువెప్పుడండీ?

పెట్రోలు కార్లు ఇంక ఆపేస్తారంట కదా, ఇప్పుడు కొనొచ్చా కొనకూడదా అని ఈ మధ్య నన్ను అడగనోడు లేడు, నేనేదో రవాణా శాఖలో ఉద్యోగం వెలగబెడుతున్నట్టు. ముందు ఆ సంగతి తేల్చేద్దాం. మన దేశంలో ఫలానా తారీకు నించి పెట్రోలు కారు అమ్మకూడదు అనే చట్టం ఏదీ లేదు. 2017లో అప్పటి కరెంటు మంత్రి పీయూష్ గోయల్ గారు 2030కల్లా దేశంలో అన్నీ ఎలక్ట్రిక్ కార్లే అమ్ముడవ్వాలి అన్నట్టు మాట్లాడారు, తర్వాత ఆ మాట మెల్లిగా కొత్త బళ్ళలో 30 శాతం అనే లక్ష్యం దాకా దిగింది. 2019లో నీతి ఆయోగ్ ఏమో 2023 నించి ఆటోలు, 2025 నించి 150 సీసీ లోపు టూవీలర్లు ఎలక్ట్రిక్‌వే ఉండాలంది, కంపెనీలు గోల చేశాయి, అదీ అటకెక్కింది. ఢిల్లీలో అయితే 2025 జులై 1 నించి పదేళ్ళు దాటిన డీజిలు బళ్ళకి, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బళ్ళకి బంకుల్లో ఆయిలు కొట్టొద్దని రూలు పెట్టి, వారం తిరక్కుండానే వెనక్కి తగ్గారు. యూరప్ వాళ్ళు కూడా 2035 నించి కొత్త కార్లు పొగే వదలకూడదని 2023లో చట్టం చేసుకుని, 2025 డిసెంబర్లో మళ్ళీ వాళ్ళే పొగ నూటికి నూరు శాతం తగ్గక్కర్లేదు 90 శాతం చాలేమో అని సడలింపు ప్రతిపాదన బయటికి తీశారు.

ఈ గడువులన్నిట్లో నాకు కనపడేది ఒకటే. ప్రతి గడువూ బండి ఓనరు నెత్తినే పడుతుంది. కరెంటు ఇచ్చేవాడికి గడువు లేదు, అప్పిచ్చేవాడికి లేదు, బ్యాటరీ అమ్మినవాడికి లేదు. మా గోదావరి డెల్టాలో కూర్చుని చూస్తే ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపికుంటే చదవండి.

ఎలక్ట్రిక్ అంటే గిట్టనోడిని అనుకునేరు. భూమి వేడెక్కడం గురించి డెల్టా వాళ్ళకి ఎవరూ క్లాసు పీకక్కర్లేదండీ. ఉప్పాడ బీచ్ రోడ్డుని సముద్రం ఎన్నిసార్లు కోసుకుపోయిందో, ఎన్నిసార్లు రాళ్ళు పోసి మళ్ళీ వేశారో లెక్క లేదు. శంకరగుప్తం డ్రెయిన్ పొడుగూతా ఉప్పునీరు ఎగదన్ని కొబ్బరి చెట్లు తలలు రాలి మోడులైపోయాయి, దానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి లెండి, కానీ సముద్రం జానెడు పైకొస్తే ముందు మునిగేది హైదరాబాదు కాదు కదా. ఇంకోటి, మన కరెంటులో ముప్పావు వంతు బొగ్గుదే అయినా ఎలక్ట్రిక్ కారు పొగ లెక్క మొత్తమ్మీద తక్కువే. ఐసీసీటీ అనే సంస్థ 2021లో కారు తయారీ నించి తుక్కు దాకా మొత్తం లెక్కేసి, ఇండియాలో పెట్రోలు కారు కంటే ఎలక్ట్రిక్‌ది 19 నించి 34 శాతం తక్కువ అని తేల్చింది. అదే యూరప్‌లో అయితే 66 నించి 69 శాతం తక్కువ. అంటే లాభం ఉంది. కానీ వాళ్ళకి వచ్చే లాభంలో మనకి సగం కూడా రావట్లేదు, ఎందుకంటే తేడా కార్లో లేదు, కరెంటులో ఉంది. ఈ మాట మాత్రం ఎవరూ పైకి అనరు.

సరే, డబ్బుల లెక్కకి వద్దాం, మనోళ్ళకి అదే ముఖ్యం. మన రాష్ట్రంలో ఇళ్ళకి కరెంటు స్లాబుల్లో ఉంటుంది, 226 యూనిట్ల నించి 400 దాకా యూనిట్ 8.75, ఆపైన 9.75. ఏసీ, ఫ్రిజ్జు, మోటారు ఉన్న ఇంట్లో వేసవిలో 250 ఎలాగూ దాటుతుంది కాబట్టి కారుకి పెట్టే ప్రతి యూనిట్టూ పై స్లాబులోనే పడుతుంది. దానిమీద ఇంధన సర్దుబాటు అని ఒకటి, ట్రూఅప్ (పాత ఖర్చుల తేడా వసూలు) అని ఒకటి, బిల్లు చూస్తే కింద తోకలాగా వేలాడుతుంటాయి. అయినా సరే, నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగే కారుకి 150 యూనిట్లు అనుకుంటే పదమూడు వందల చిల్లర, అన్నీ కలిపి పదిహేను వందలు వేసుకోండి. అదే పెట్రోలు అయితే లీటరు 110 అనుకుని, పదిహేను మైలేజీ వేసుకుంటే ఏడు వేలు దాటిపోద్ది. (పైగా ఇప్పుడు బంకులో కొట్టేది 20 శాతం ఇథనాల్ కలిపింది, పాత డిజైను కార్లలో మైలేజీ 6-7 శాతం దాకా పడుతుందని 2021లో నీతి ఆయోగ్ కాగితంలోనే ఉంది. ఎఫ్‌సీఐ గోడౌన్ల బియ్యం కూడా ఆ ఇథనాల్ ఫ్యాక్టరీలకి వెళ్తున్నాయి, వరి పండించే ఊళ్ళో ఉండి ఈ మాట రాయడం కొంచెం అదోలా ఉంది, సర్లెండి.) కాబట్టి నడిపే ఖర్చులో ఎలక్ట్రిక్‌ని కొట్టేది లేదు, దీని మీద వాదన పెట్టుకునేవాడు ఓడిపోతాడు.

కానీ మన డెల్టాలో కారు ఎంత తిరుగుతుంది చెప్పండి? అమలాపురం, పాలకొల్లు, రాజోలు, తణుకు ఎక్కడైనా చూడండి, మధ్యతరగతి ఇంట్లో కారు షెడ్డులో గుడ్డ కప్పుకుని ఉంటుంది. పెళ్ళిళ్ళకి తీస్తారు, రాజమండ్రి హాస్పిటల్‌కి తీస్తారు, ఏడాదికోసారి తిరుపతి. నెలకి మూడొందల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. ఆ లెక్కన నెలకి మిగిలేది పద్దెనిమిది వందలు. పెట్రోలు కారుకీ అదే సైజు ఎలక్ట్రిక్ కారుకీ మూడు లక్షల తేడా అనుకున్నా అది తీరడానికి పద్నాలుగేళ్ళు. సర్వీసు ఖర్చు తక్కువ కదా అంటారు, నిజమే, ఓ రెండు మూడేళ్ళు తీసేయండి. ఈలోపు బ్యాటరీ వారంటీ అయిపోద్ది, అది మామూలుగా ఎనిమిదేళ్ళు.

అదే మా వీధిలో షేర్ ఆటో నడిపే కుర్రాడిని చూడండి. రోజుకి వంద కిలోమీటర్ల పైన తిరుగుతాడు. వాడికి ఎలక్ట్రిక్ ఆటో ఉంటే నెలకి వేలల్లో మిగులుతుంది, అంటే ఈ మార్పు వల్ల నిజంగా బాగుపడేది వాడే. మరి వాడెందుకు కొనలేదు? నేనడిగితే "బాబాయ్, సీఎన్‌జీ ఆటోకి ఫైనాన్సోడు నవ్వుతూ ఇస్తాడు, ఎలక్ట్రిక్ అంటే వడ్డీ పెంచేసి డౌన్ పేమెంట్ ఎక్కువ కట్టమంటాడు, బ్యాటరీ పోతే బండి ఎవరు కొంటారని వాడి భయం" అన్నాడు. వాడు చెప్పింది ఒక్క మా ఊరి మాట కాదు, దేశమంతా ఇదే కథ. సబ్సిడీలు ఇచ్చారు, ఫేమ్ అని 2015లో మొదలెట్టి, 2019లో రెండోది, 2024 అక్టోబర్ నించి పీఎం ఈ-డ్రైవ్ అని 10,900 కోట్లతో ఇంకోటి, కాదనట్లేదు. కానీ అప్పిచ్చేవాడి భయం తీరకుండా బండి రేటు తగ్గిస్తే ఆటోవాడికి ఒరిగేదేముంది, వాడు కొనేది కిస్తీల్లో కదా. నెలకి మూడొందలు తిరిగే నా కారుని ముందు మార్చమని, రోజుకి వంద తిరిగే వాడి ఆటోని అప్పులోడి దయకి వదిలేస్తే పొగ ఎక్కడ తగ్గినట్టు?

పన్నుల సంగతి కూడా ఒకటుంది. పెట్రోలు మీద మన రాష్ట్రం 31 శాతం వ్యాట్, దానిమీద లీటరుకి నాలుగు రూపాయలు, ఇంకో రూపాయి రోడ్ల సెస్సు తీసుకుంటుంది. అందుకే మన డెల్టా మధ్యలోనే ఉన్న యానాంలో, పుదుచ్చేరి పన్ను కాబట్టి, లీటరుకి పది రూపాయల పైనే తక్కువ, కోనసీమ జనం అటు పనుంటే ట్యాంకు నింపుకోకుండా రారు. ఈ డబ్బంతా రేపు పెట్రోలు పోతే ఎక్కడి నించి వస్తుంది? ప్రభుత్వం ఊరికే కూర్చోదు కదా. బ్రిటన్‌లో అప్పుడే మొదలెట్టేశారు, 2028 నించి ఎలక్ట్రిక్ కార్లకి మైలుకి ఇంత అని కట్టాలని 2025 నవంబరు బడ్జెట్లో చెప్పేశారు. కాబట్టి ఇప్పటి పదిహేను వందల లెక్క పదేళ్ళ తర్వాత కూడా ఇలాగే ఉంటుందని ఎవరైనా చెప్తే నమ్మకండి.

ఇప్పుడు అసలు విషయం, కరెంటు. భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రాత్రిపూట వెళ్తే తెలుస్తుంది, కనుచూపు మేర రొయ్యల చెరువులు, ప్రతి చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతూ ఉంటాయి. పగలు ఎండ ఉంటే నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి అదే నాచు ఆక్సిజన్ తినేస్తుంది, తెల్లవారుజాముకి బాగా పడిపోతుంది, అందుకని ఏరేటర్ల పని ఎక్కువ రాత్రే. గంటా రెండు గంటలు కరెంటు పోయి జనరేటర్ స్టార్టవ్వకపోతే రొయ్య పైకి తేలిపోద్ది, లక్షల మీద నష్టం. అందుకే ప్రతి రైతూ గట్టు మీద డీజిల్ జనరేటర్ పెట్టుకుంటాడు. ఎలక్ట్రిక్ కారు కూడా జనం ఛార్జింగ్ పెట్టేది ఎప్పుడు? రాత్రే, పడుకునే ముందు. సోలార్ ఎంత పెట్టినా అది పగటి కరెంటు. రాత్రి వచ్చేది ఎక్కువగా బొగ్గుదే. 2022 ఏప్రిల్‌లో కరెంటు చాలక మన రాష్ట్రంలో ఫ్యాక్టరీలకి పవర్ హాలిడే ఇచ్చారు గుర్తుందా, అప్పటికి ఎలక్ట్రిక్ కార్లు ఎన్నున్నాయని? రేపు వేసవిలో అలాంటి రోజొస్తే టౌన్లో కార్లకి ఆపుతారా, చెరువుల ఫీడర్‌కి ఆపుతారా? చెరువుకి ఆపితే అక్కడ డీజిల్ జనరేటర్ లేస్తుంది. టౌన్లో తగ్గిన పొగ పంటకాలవ అవతల లేస్తుంది, అంతే తేడా.

ఇందులో ఇంకో ఎటకారం ఉంది. మా కాళ్ళ కిందే గ్యాసు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి బ్లోఅవుట్ అయి 65 రోజులు మండింది. 2014 జూన్ 27న కోనసీమలో నగరం అనే ఊళ్ళో గ్యాసు పైపు పేలి జనం నిద్రలోనే కాలిపోయారు. ఇంత భరించిన నేల మీద కట్టిన వేమగిరి, జేగురుపాడు (రెండో దశ) గ్యాస్ కరెంటు ప్లాంట్లు మాత్రం, కేజీ డీ6 (మన తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న రిలయన్స్ గ్యాసు క్షేత్రం) ఉత్పత్తి పడిపోయాక 2013 నించి గ్యాసు లేక ఏళ్ళ తరబడి ఖాళీగా పడున్నాయి. కరెంటు బొగ్గు నించి తగ్గాలి అన్నప్పుడు ఈ ప్లాంట్ల సంగతేంటని ఒక్కరైనా అడుగుతారా అని చూస్తుంటా.

తుఫాను మాట లేకుండా మా వైపు ఏ మాటా పూర్తవ్వదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ తుఫాను చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, చెట్లతో పాటు స్తంభాలన్నీ నేలకొరిగాయి, వారాల తరబడి కరెంటు లేదు. మొన్న 2025 అక్టోబరు 28న మొంథా మన నరసాపురం దగ్గరే తీరం దాటింది, 96తో పోలిస్తే కరెంటు బాగా త్వరగా వచ్చింది, ఒప్పుకోవాలి. వరదలు వేరే. 2022 జులైలో భద్రాచలం దగ్గర 71 అడుగులు, ధవళేశ్వరం నించి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలారు, లంక ఊళ్ళలో ముందు జాగ్రత్తగా కరెంటు తీసేస్తారు, గొడ్లనీ బళ్ళనీ ఏటిగట్టు ఎక్కిస్తారు. ఆ టైములో పెట్రోలు బండికి ఒక కేను చాలు, ఎవడో ఒకడు పడవలో తెచ్చిస్తాడు. కరెంటుని కేనులో తేలేం.

మా బావ హైదరాబాదులో ఎలక్ట్రిక్ కారు కొన్నాడు, ఈ వాదన వింటే ఊరుకోడు. "ఒరేయ్, గోదావరి వరద చెప్పాపెట్టకుండా రాదు, భద్రాచలంలో పెరిగిన రోజే నీకు తెలుస్తుంది, ఆ రాత్రే ఫుల్ ఛార్జ్ పెట్టుకోవచ్చు. పైగా నా కారు బ్యాటరీ 40 యూనిట్లు, దాంట్లోంచి వైరు లాగి మీ ఇంట్లో ఫ్యాన్లూ లైట్లూ ఫ్రిజ్జూ నాలుగు రోజులు నడపొచ్చు. నీ పెట్రోలు ట్యాంకు ఆ పని చేస్తదా?" అంటాడు. చెయ్యదు. ఇది మంచి పాయింటే, నేను కొట్టిపారేయను. తుఫాను ఊళ్ళకి ఎలక్ట్రిక్ కారు అమ్మాలంటే కంపెనీలు ముందు చెప్పాల్సింది ఈ సంగతే, కానీ ఆ వైరు లాగే సౌకర్యం చాలా కార్లలో పై మోడళ్ళకే ఇస్తారు. ఇంటి మీద సోలార్ పెట్టుకున్నవాళ్ళకి ఇంకోటి చెప్పాలి. సూర్యఘర్ కింద 78 వేల దాకా సబ్సిడీ వస్తుందని చాలామంది పెట్టించుకున్నారు, మంచిదే, కానీ బ్యాటరీ లేని మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ వీధిలో కరెంటు పోగానే అదీ ఆగిపోద్ది. స్తంభమెక్కిన లైన్‌మేన్‌కి షాకు కొట్టకూడదని అలా పెట్టారు. నెత్తి మీద ఎండ దంచుతున్నా కారుకి ఛార్జింగ్ ఎక్కదు. పెట్టేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

ఉప్పునీళ్ళ భయం కూడా ఉత్తుత్తిది కాదు. 2022లో అమెరికా ఫ్లోరిడాలో ఇయన్ తుఫాను ఉప్పెనకి మునిగిన ఎలక్ట్రిక్ కార్లు కొన్ని, నీళ్ళు తీశాక రోజుల తర్వాత అంటుకున్నాయి, ఉప్పు బ్యాటరీ లోపలికెళ్ళి షార్టవ్వడం వల్ల. గోదారి వరద మంచినీళ్ళే, కానీ అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పెన నీళ్ళు కాదు కదా. మునిగిన ఎలక్ట్రిక్ బండిని ఇంటికి ఆనించి పెట్టకండి, దూరంగా పెట్టి కంపెనీ వాళ్ళని పిలవండి, ఈ ఒక్క ముక్క మాత్రం పెట్రోలు పార్టీ అయినా ఎలక్ట్రిక్ పార్టీ అయినా గుర్తుపెట్టుకోండి. అలాగే స్కూటర్ బ్యాటరీ పడగ్గదిలో ఛార్జింగ్ పెట్టకండి, 2022 ఏప్రిల్‌లో విజయవాడలో అలాగే పేలి ఒకాయన పోయారు. ఆ ఏడాది వరసగా జరిగిన ప్రమాదాల తర్వాతే కేంద్రం బ్యాటరీ పరీక్షల రూల్స్ బిగించింది, ఇప్పుడొచ్చే బళ్ళు అప్పటికంటే నయం.

సంక్రాంతికి హైదరాబాదు నించి వచ్చే కార్లు చూశారుగా. పంతంగి టోల్ దగ్గర లైను, కొర్లపహాడ్ దగ్గర లైను, చిల్లకల్లు దగ్గర లైను. హైదరాబాదు నించి భీమవరం దాదాపు నాలుగొందల కిలోమీటర్లు, హైవే స్పీడుకి ఏసీ వేసుకుని వస్తే మధ్యరకం ఎలక్ట్రిక్ కారు మధ్యలో ఒకసారైనా ఆగాలి. ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఒక్కో కారుకి ముప్పావుగంట వేసుకోండి, ఒక గన్ను రోజంతా ఊపిరి తీసుకోకుండా పనిచేసినా 32 కార్లు. పెట్రోలు గన్ను అయిదు నిమిషాలకొకటి లెక్కన 288 కొడుతుంది. ఇప్పుడు వచ్చే ఎలక్ట్రిక్ కార్లు తక్కువ కాబట్టి సూర్యాపేట, కోదాడ దగ్గర లైను అంత తెలియట్లేదు. అన్నీ ఎలక్ట్రిక్ అయిన ఏడాది భోగి ముందు రోజు ఎలా ఉంటుందో ఊహించండి, పందెం బరి దగ్గర ఉండాల్సిన అల్లుళ్ళు కోదాడలో గన్ను కోసం కొట్టుకుంటూ ఉంటారు. మామూలు రోజుల్లో ఖాళీగా పడుండే ఛార్జర్లు ఆ నాలుగు రోజుల కోసం ఎవడూ పెట్టడు, పెడితే వాడికి గిట్టదు. దీనికి సమాధానం ఉంటే నాకు నిజంగా వినాలనుంది, మా బావ దగ్గర మాత్రం లేదు, పోయినసారి రైలెక్కి వచ్చాడు.

నాకు అన్నిటికంటే గుబులుగా ఉండేది సెకండ్‌హ్యాండ్ సంగతి. ఇక్కడ చాలామంది జీవితంలో మొదటి కారు కొత్తది కాదు, హైదరాబాదులో సింగిల్ ఓనర్ వాడి అమ్మింది. మన మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్తే బానెట్ ఎత్తి, ఆయిల్ మూత తీసి, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి బండి సంగతి చెప్పేస్తాడు. ఎలక్ట్రిక్‌లో వాడు ఏం చూస్తాడు? కారు విలువలో పెద్ద ముక్క బ్యాటరీయే, దాంట్లో ఎంత జీవం మిగిలుందో అమ్మేవాడి స్క్రీన్ మీద నమ్మాల్సిందే. లైఫ్‌టైమ్ వారంటీ అని ప్రకటనలిచ్చే కొన్ని కంపెనీలు కూడా చిన్న అక్షరాల్లో మొదటి ఓనరుకి మాత్రమే అని రాస్తాయి. అంటే మొదట కొన్నవాడి రిస్కు కంపెనీది, రెండో వాడి రిస్కు వాడిదే. మరోపక్క పాత పెట్రోలు కారు ఉంచుకుందామంటే 2025 ఆగస్టు నించి ఇరవయ్యేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి పది వేలు. ముందుకెళ్తే గొయ్యి వెనక్కెళ్తే నుయ్యి అనేది ఇదే.

మెకానిక్‌ల బతుకుల గురించి పెద్ద వ్యాసమే రాయొచ్చు, ఇక్కడ వద్దు. చైనా సంగతి కూడా ఒక్క ముక్క: 2025 ఏప్రిల్‌లో వాళ్ళు మోటార్లలో వాడే అయస్కాంతాల ఎగుమతికి లైసెన్సు పెట్టేసరికి మన స్కూటర్ కంపెనీలే తయారీ తగ్గించుకోవాల్సొచ్చింది. గల్ఫ్ మీద ఆధారపడటం పోయి బీజింగ్ మీద ఆధారపడితే మనకి కలిసొచ్చేదేంటో పెద్దలే చెప్పాలి.

అందరూ నార్వేని చూపిస్తారు. చూపించండి, నాకూ ఇష్టమే. అక్కడ 2024లో అమ్మిన కొత్త కార్లలో పదింట దాదాపు తొమ్మిది ఎలక్ట్రిక్‌వే. కానీ వాళ్ళు పెట్రోలు కారుని నిషేధించలేదు, పన్నులు బాదారు, ఎలక్ట్రిక్‌కి తీసేశారు, వాళ్ళ కరెంటు దాదాపు అంతా జలవిద్యుత్తే. ముందు కరెంటు, తర్వాత కారు. మనం పోలవరంలో 960 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం ఇంకా కడుతూనే ఉన్నాం.

నాకు గడువు పెట్టే ముందు ఇంకో మూణ్ణాలుగు గడువులు చూడాలనుంది. మా సబ్‌స్టేషన్ కింద నెలకి ఎన్ని గంటలు కరెంటు పోయిందో ఊళ్ళో బోర్డు మీద పెట్టే రోజు ఎప్పుడు, 216 హైవే మీద కత్తిపూడి నించి నరసాపురం దాకా తుఫానులో కూడా పనిచేసే ఛార్జర్లు ఎప్పుడు, ఆర్టీఓ ఆఫీసులో బ్యాటరీ పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చేది ఎప్పుడు, ఎలక్ట్రిక్ ఆటోకి సీఎన్‌జీ ఆటో వడ్డీకే అప్పు పుట్టేది ఎప్పుడు. ఇవి తేలితే నా కారు తుక్కుకి నేనే తోలుకెళ్తా, ఎవరూ చెప్పక్కర్లేదు.

ఈలోపు మా ఆవిడకి ఎలక్ట్రిక్ స్కూటర్ బుక్ చేశాం, బజారుకీ స్కూలుకీ తిరగడానికి దానికి మించింది లేదు. కారు మాత్రం ఇంకో అయిదారేళ్ళు పెట్రోలుదే. ఆటో కుర్రాడు ఎలక్ట్రిక్ ఆటో లోనుకి ష్యూరిటీ పెడతావా బాబాయ్ అని అడిగాడు, పెడతానన్నా, కానీ ఫైనాన్స్ వాడు రాసిచ్చిన వడ్డీ చూసి ఇద్దరం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాం. సోమవారం బ్యాంకుకెళ్ళి అడగాలి.